టేపు కొస

టేపులో సున్నా ఉండే కొస నాది.
అంకె చదివే కొస లోకేశప్ప సారుది.
మా ఇద్దరి నడుమ పొద్దున్నించీ
ఒక వీధి కొలతకు పడుకోనుంటుంది.

బోర్డు ఎత్తు రెండున్నర అడుగులు, మించకూడదు.
పలక కాఫీపొడి రంగు, అక్షరం మీగడ రంగు.
పైన కన్నడం, పెద్దగా.
కింద ఇంగ్లీషు, ఇష్టముంటే.
గోడ నించి తొమ్మిదంగుళాలు దాటి
ఏదీ వీధిలోకి పొడుచుకు రాకూడదు.
పేటలో ఈ ఒక్క వీధిని
టూరిస్టులు నడిచే వీధి చేస్తారంట.
ఫోటో తీస్తే
అంతా ఒక వరసలో పడాలంట.

అంతకుముందు ఈ వీధి
పెయింటర్ వెంకటరోణప్ప చేతిరాత.
చింతామణి పక్క నించి వచ్చినోడు, తెలుగోడు.
కన్నడం రాస్తా రాస్తా యాడో మరిచిపోయి
తలకట్టును మన టిక్కు మాదిరి పెట్టేసేవాడు.
ఎవురూ తప్పనలేదు.
చదివేవాళ్ళు చదువుకునిరి,
చదవనోళ్ళకు బొమ్మ ఉండె:
బీగాల అంగడికి రెక్కలున్న తాళంచెవి,
దారాల అంగడికి సూదిలో దూరే పాము,
ఇంగువ అంగడికి ఒంటె.
ఒంటెను ఆయప్ప ఎన్నడూ చూసిందిలేదు.
ఆవుకే మెడ సాగదీసి
వీపు మీద ఒక ముద్ద పెట్టినాడు.
కండ్లు మాత్రం ఆవుకండ్లే.

ఉగాది ముందర అన్నీ దించినాము.
నిచ్చెన పట్టుకునింది నేనే.
లారీలో ఒంటె
వెల్లకిలా పడుకోని పాయె.

కాఫీపొడి పలకలు ఎక్కినాయి.
వీధంతా
బళ్ళో ప్రార్థనకు నిలబడిన పిల్లోళ్ళ మాదిరి అయింది.

మూడోనాడు కదిరక్క వచ్చింది,
అప్పడాలు ఒత్తి అమ్మే మనిషి.
ఈ కొస నించి ఆ కొసకు రెండుమార్లు నడిచి
బీగాల ఖాదర్ బాషా ముందర నిలబడి
"పావుకిలో ఇంగువ, పోయినసారి మాదిరి తడిది ఇయ్యొద్దు" అనింది.
"అక్కా, నా దగ్గర ఉండేదంతా మూసిపెట్టే సరుకు,
నీది మూసినా ఆగే సరుకు కాదే" అన్నాడు బాషా.
అందరూ నవ్విరి. ఆయమ్మ నవ్వలేదు.
"నలభై ఏండ్లు నడిచిన దోవలో
నన్ను దారి తప్పించినారు కదప్పా" అనింది.
ఎవుర్ని అనిందో తెలీదు.
నా చేతిలో టేపు ఉండె.

వీధి మలుపులో పుట్టినరోజు ఫ్లెక్సు ఉంది.
పైన ఒక పెద్ద మొగం, కింద పద్దెనిమిది చిన్న మొగాలు,
అన్నీ మమ్మల్నే చూస్తా దండం పెడతా ఉన్నాయి.
సారు దాని నీడలో నిలబడి చెమట తుడుచుకునె.
"దీనికి మన టేపు చాలదులే మునెమ్మా" అన్నాడు.
నిజమే.
మాది పదహైదడుగుల టేపు.

వెంకటరోణప్పకు ఇప్పుడు చెయ్యి వణుకుతుంది.
అయినా ఇంగువ శెట్టి పోయి అడిగితే
రేకు కత్తిరించి ఇచ్చినాడు:
ఒట్టి తలా, మెడా.
బోర్డు మీద కాదు, పక్క గోడకు కొట్టినారు.
వీధిలోకి తొంగిచూస్తా ఉంది,
ఎవురో రావల్సినోళ్ళు ఉన్నట్టు.
కత్తెర వణికిన చోటంతా
బొచ్చు అయింది.

నిన్న మళ్ళీ కొలతలు.
సారు పుస్తకం తెరిచి "ముందుకెంత?" అన్నాడు.
పదకొండంగుళాలు.
టేపు ఎందుకు, తొమ్మిదేండ్లుగా ఇదే పని నాది,
కంటికే తెలుస్తుంది.
శెట్టి లెక్కల పుస్తకంలో తల దూర్చె.
బాషా సుత్తి ఆపె.
నేను సున్నాను గోడకు ఆనించబోయి
ముందు నా బొటనవేలిని ఆనించినా,
వేలి మొదట్లో సున్నాను పట్టినా.

"తొమ్మిది" అన్నాడు సారు.
చూసినాడో లేదో తెలీదు.
రాసుకునె.
"ఇంగ వదులు మునెమ్మా" అనె.
వదిలినా.
చర్రుమని చుట్టుకుంటా
సున్నా ఆయన చేతిలోకి పాయె.